ముసురునాటి యాటలు

వర్షర్తువును వర్ణింపని ప్రబంధకవి యరుదు. ఋతువర్ణనము అష్టాదశవర్ణనములలో నొకటి యగుటచే మబ్బులును, మెఱుపులును, నెమళ్ల నృత్యమును, ప్రవాసులైన భర్తలకై నిట్టూర్చు విరహిణులును కావ్యములందు మరల మరల వచ్చుచుండును. శ్రీకృష్ణదేవరాయలు ఈ పరిపాటిని దాటి యింటి లోపలికి గూడ తొంగిచూచినవాడు. ఆముక్తమాల్యద చతుర్థాశ్వాసములోని వర్షర్తువర్ణనమున, తడిసిన కట్టెలతో పొయ్యి రాజుకొనక, పొగతో కన్నులు మండుచుండ, ఇల్లాండ్రు పడు పాట్లను ఆయన ప్రత్యేకముగ గమనించినాడు. కాని యా యింటిలోనే, ఆ పొగలోనే, బయటికి పోవ వీలులేక నడవనుండి వసారాకును, వసారానుండి వంటయింటికిని తిరుగుచు తల్లిని వేసరించు పిల్లవానికి కవుల వర్ణనములలో చోటు దొరకుట మిక్కిలి యరుదు.

సంస్కృత వాఙ్మయమున శూద్రకుని మృచ్ఛకటికము ఇట్టి పిల్లవానికి ప్రాధాన్య మిచ్చిన రూపకము. దాని యైదవ యంకమునకు 'దుర్దినము' అని పేరు. ఆ రాత్రి గాలివాన చేత వసంతసేన చారుదత్తుని యింట నిలిచిపోవును. మఱునాటి యుదయమున, ఆఱవ యంకమున, చారుదత్తుని కుమారుడు రోహసేనుడు పొరుగింటి బాలుని బంగారు బండితో నాడుకొని, అది తిరిగి తీసికొనిపోబడగా ఏడ్చుచుండును. దాసి రదనిక మట్టిబండిని చేసి యిచ్చినను వాడు ఊఱడిల్లడు. వసంతసేన తన నగలను తీసి యా మట్టిబండిలో నుంచి, వానితో బంగారు బండి చేయించుకొమ్మనును. ఆ నగలే తరువాత న్యాయసభలో చారుదత్తునికి ప్రతికూలమైన సాక్ష్య మగును. ఏడ్చు పిల్లవాని నూఱడించు చిన్న గృహకృత్యమునుండి రూపకమునకు పేరును, కథకు ప్రాణాంతకమైన మలుపును వచ్చినవి.

శాస్త్రకారులును ఈ కృత్యమును తేలికగా జూడలేదు. వాత్స్యాయనుడు చెప్పిన చతుష్షష్టి కళలలో 'బాలక్రీడనకములు' ఒక కళ. బంతులు, బొమ్మలు మొదలగువానిచే పిల్లల నలరించుట యని దాని భావము. ఆ పట్టికలోనే ప్రహేళికయు, అంత్యాక్షరికి పూర్వరూపమైన ప్రతిమాలయు, పలుక గష్టమైన మాటల కూర్పగు దుర్వాచకయోగమును కలవు. పిల్లల నాడించుట నేర్చుకొనదగిన విద్య యనియు, దానికి సాధనములును పద్ధతులును గల వనియు పూర్వులు గుర్తించిరని దీనివలన తేలుచున్నది. తెలుగు లోగిళ్లలో ఆ విద్య ముసురు దినములందు ఎట్లు నడచెను, దాని జ్ఞానము ఎవరియొద్ద నిలిచెను, నేడు దాని స్థితి యేమి యనునవి విచారింపదగినవి.

'వాన' వేఱు, 'ముసురు' వేఱు. వాన కురిసి వెలియును. ముసురు పట్టి విడువదు. జూన్ మొదలు సెప్టెంబరు వఱకు వీచు నైరృతి ఋతుపవనములచే కోస్తా, తెలంగాణ ప్రాంతములకును, అక్టోబరు మొదలు డిసెంబరు వఱకు వచ్చు ఈశాన్య ఋతుపవనములచే ముఖ్యముగ నెల్లూరు సీమకును ముసుళ్లు పట్టును. మృగశిర మొదలు హస్త వఱకు గల కార్తెల పేర్లు రైతుకు సేద్యపు పంచాంగమైనట్లే, ఇంటి స్త్రీలకు పిల్లలు లోపల బందీలగు దినముల పంచాంగమును అయినవి.

కలిగినవారి యిండ్లలో ముసురునకు తగిన వాస్తువే యుండెడిది. మండువా లోగిలిలో నాలుగు వైపుల కప్పులు లోపలికి వాలి, నడుమ నింగి కనబడునట్లు విడిచిన తావున వాననీరు పడును. చుట్టును గల వసారాలలో పిల్లలు తడియకయే వానను జూచుచు ఆడుకొన వచ్చును. నిరుపేదల పూరిగుడిసెలో ఈ సౌకర్యము లేదు. కప్పు కారని మూల యేదో అదియే ఆటస్థలము. అంతియకాక, కూలిజనమునకు ముసురనగా పని లేని దినము. పని లేని దినమనగా గంజికి గూడ కఱవగు దినము. అట్టి యిండ్లలో ఆట వేడుక మాత్రమే కాదు, ఆకలిని కొంతసేపు మఱపించు నుపాయము. గ్రీకు చరిత్రకారుడు హెరొడోటసు తన గ్రంథము ప్రథమభాగమున లిడియా దేశీయుల గూర్చి యొక ఐతిహ్యమును జెప్పినాడు: కఱవు వచ్చినపుడు వారు పాచికలు, బంతులు మున్నగు నాటలను కల్పించి, ఒకనాడు తిండి మాని ఆడుచు, మఱునాడు ఆట మాని తినుచు, పదునెనిమిదేండ్లు గడపిరట. చరిత్రముగ దీనిని నమ్మవలసిన పని లేదు. ఆటకును ఆకలికిని గల సంబంధమును పూర్వులెఱిగి యుండిరనుటకు మాత్రము ఇది చాలును.

ఈ యాటల సాధనములన్నియు ఇంటిలో ఊరక దొరకునవియే. మాఘ ఫాల్గునములు మొదలు వేసవి వఱకు చింతపండు కొట్టి, గింజ తీసి, కుండలలో నుంచుట తెలుగు గృహిణి వార్షికకృత్యము. తొలకరి నాటికి చింతగింజలు ఇంట సమృద్ధిగ నుండును. అరుగదీసిన చింతగింజ ఒకవైపు తెలుపు, ఒకవైపు నలుపుగా నుండి పాచికకు బదులగును. గురివింద గింజలు పొలములనుండియు, నున్నని గులకరాళ్లు ఏటి యొడ్డునుండియు వచ్చినవి. గవ్వ మాత్రము దూరదేశపు సరకు. మాలదీవుల గవ్వలు వర్తకమువలన వంగ, ఒడిసా దేశములకు వచ్చి చిన్న నాణెములుగ చెల్లినవి. ఒడిసాలో ఆంగ్లేయులు గవ్వల చెలామణిని తొలగించి శిస్తు వెండిలో కోరుట 1817 నాటి పైకుల తిరుగుబాటునకు గల కారణములలో నొకటిగ చరిత్రకారులు చెప్పుదురు. తెలుగున 'చిల్లిగవ్వ' యను మాట ధనవాచకముగ నేటికిని నిలిచియున్నది. గవ్వ బజారును విడిచిన తరువాతను ఆటల గూటిని విడువలేదు.

ముసురునాటి యాటలలో స్త్రీలు, బాలికలు మిక్కిలిగ నాడినది ఓమనగుంటలు. వామనగుంటలనియు వ్యవహారము. రెండు వరుసల యందు ఏడేసి చొప్పున 14 గుంటలు గల పీట దీనికి సాధనము. పీట లేనిచో నేలమీద గుంటలు తీయుదురు, లేదా సున్నముతో వలయములు గీయుదురు. ఒక్కొక గుంటలో నాలుగో, ఐదో గింజలు పెట్టి, ఒకరు తమవైపు గుంటలోని గింజలన్నియు తీసి తరువాతి గుంటలలో నొక్కొకటిగ విడుచుచు పోవుదురు. చేతిలోని గింజలు ముగిసినపుడు తరువాతి గుంటలోని వానిని తీసి మరల సాగుదురు. తరువాతి గుంట వట్టిదైనచో దానికి ఆవలి గుంటలోని గింజలు ఆటకత్తె సొత్తగును. ఆడుచుండగా నాలుగు గింజలు చేరిన గుంటను ఆ వైపువారు తీసికొను నియమము దక్షిణదేశమున పెక్కు తావుల గలదు. తమిళులు దీనిని పల్లాంగుళి యనియు, కన్నడిగులు అళిగుళి మణె యనియు అందురు. ఇదే జాతి యాటలు సింహళమునను, మలయా ద్వీపములలోను, అరబ్బు దేశములలోను, ఆఫ్రికా ఖండమంతటను గలవు. అమెరికా పండితుడు స్టూవర్టు క్యూలిన్ వీనిని గూర్చి వ్రాసిన వ్యాసము 1896లో వాషింగ్టను నగరమున ప్రకటితమైనది, హెచ్. జె. ఆర్. మఱ్ఱే 1952లో ప్రకటించిన ఆటల చరిత్రలో ఈ జాతికి పెద్ద భాగమే కేటాయించెను.

ఈ యాట పేరును గూర్చి యొక హెచ్చరిక యవసరము. 'వామన' శబ్దము వినబడుటచే, మూడడుగుల నేల నడిగిన వామనునితో ముడిపెట్టి కథ చెప్పుట సులభము. కాని 'ఓమన' యను రూపము కూడ ప్రయోగమున నుండుటచే, ధ్వనిసామ్యమొక్కటియే వ్యుత్పత్తికి ప్రమాణము కాజాలదు. ఆయా మండలములందలి రూపభేదములన్నియు సేకరింపబడిన పిదపనే ఈ ప్రశ్నకు నిర్ణయము సాధ్యము.

అచ్చనగండ్ల యాటకు ఐదు గులకరాళ్లు చాలును. ఒకటి పైకెగురవేసి, అది క్రిందపడు లోపల నేలనున్నవానిని ఒకటొకటిగ, రెండేసిగ, మూడేసిగ ఏఱి, పడుచున్న దానిని పట్టవలెను. పిదప రాళ్లన్నిటిని ఎగురవేసి ముంజేతి వెనుకవైపున నిలుపవలెను. క్రీస్తుశకము రెండవ శతాబ్దినాటి గ్రీకు కోశకారుడు పొల్లక్సు 'పెంటెలిథ' యను పేర నైదు రాళ్లను ఎగురవేసి చేతి వెనుకవైపున పట్టు ఆటను వర్ణించి, అది స్త్రీల యాట యని చెప్పినాడు. రెండు దేశములకు నడుమ ఋణము కలదో లేదో తెలియకపోయినను, అవే రాళ్లు, అవే చేతులు ఒకే విధమైన యాటకు దారితీసినవనుట స్పష్టము.

గవ్వలాటలలో నింటింట దెలిసినది అష్టాచెమ్మ. నేలమీద సుద్దతో ఐదు వరుసల నైదేసి గడులు, మొత్తము 25 గీసి, నాలుగు వైపుల నడిమి గడులలోను, మధ్యగడిలోను అడ్డగీతలు వేయుదురు. నలుగు రాడవచ్చును, ఒక్కొకరికి నాలుగు కాయలు. నాలుగు గవ్వలు వేయగా వెలికిల బడినవాని సంఖ్యయే పందెము. నాలుగును వెలికిల బడినచో 'చెమ్మ', అనగా నాలుగు. నాలుగును బోర్ల పడినచో 'అష్ట', అనగా ఎనిమిది. ఈ రెండిటికిని మరల వేయు హక్కు గలదు. కాయ వెలుపలి గడులను చుట్టి, లోపలి గడులను చుట్టి, నడిమి గడి చేరినచో 'పండినది' అందురు. ఆటబిళ్లకు 'కాయ' యనియు, అది గమ్యము చేరుటకు 'పండుట' యనియు పేరిడుట తోటను సాకు జాతి భాషకు దగినట్లున్నది.

ఈ యాటలోని లెక్క ఛందశ్శాస్త్రము నెఱిగినవారికి క్రొత్త గాదు. గవ్వ వెలికిల పడుటను గురువుగను, బోర్ల పడుటను లఘువుగను భావించినచో, నాలుగు గవ్వల పాటులు నాలుగక్షరముల పాదముగల ప్రతిష్ఠాచ్ఛందస్సు ప్రస్తారమే యగును, భేదములు 16. అందు వెలికిల బడునది ఒక్కటియు లేకుండుట 1 విధము, ఒకటి బడుట 4 విధములు, రెండు బడుట 6 విధములు, మూడు బడుట 4 విధములు, నాలుగును బడుట 1 విధము. ఈ 1, 4, 6, 4, 1 అను పంక్తియే పింగళసూత్రములకు పదవ శతాబ్దిలో వ్యాఖ్య వ్రాసిన హలాయుధుడు వివరించిన మేరుప్రస్తారమున గలదు. నిజమైన గవ్వ రెండు వైపులకు సమముగ పడదు గాన ఈ లెక్క గవ్వలకు పూర్తిగ నన్వయింపదు. అయినను, అరుదుగ సంభవించు రెండు పాటులకే పెద్ద పందెమును, మరల వేయు హక్కును ఇచ్చిన యా నియమము గ్రుడ్డిగ కల్పించినది కాదు. ఛందస్సును చదువని ముదుసలి యింట కూర్చుండి దాని ఫలమును మనుమల కిచ్చినది.

పచ్చీసు దీనికి జ్ఞాతి. సిలువ యాకారమున నాలుగు చేతులుగల గుడ్డపటముపై, ఆఱో యేడో గవ్వలతో నాడుదురు. హిందీ భాషలో 'పచ్చీస్' అనగా ఇరువదియైదు. ఆ పందెము పేరే యాటకు వచ్చినది. ఫతేపూరు సిక్రీలో రాతిపలకలతో పఱచిన పెద్ద పచ్చీసుపటము గల ముంగిలి నేటికిని గలదు. అక్బరు అందు దాసీజనమునే కాయలుగ నిలిపి యాడెనని యైతిహ్యము. ఇంగ్లండులో 1896లో ఈ యాటయే సరళమై, గవ్వలకు బదులు ఆఱు ముఖముల పాచికతో 'లూడో' యను పేర నధికారపత్రము పొందినది. అట్టపటము రూపమున తిరిగి వచ్చిన దానిని నేటి బాలురు విదేశపు ఆట యని తలంచుట కలదు.

పులిజూదమున గవ్వలు లేవు, అదృష్టమును లేదు. త్రికోణాకారపు పటముమీద 23 స్థానములు. ఒకరికి మూడు పులులు, ఒకరికి పదునైదు మేకలు. పులి మేకమీదుగ దుమికి దానిని చంపును. మేకలు గుమిగూడి పులి కదలకుండ కట్టును. బలములు సమముగ లేని యిద్దఱిలో సంఖ్యచే, ఓర్పుచే బలహీనులు గెలువవచ్చునని ఈ యాట చూపును. ఒక తప్పిన మేక పందెమంతయు పాడుచేయును గావున, చిన్నవారికి ముందుచూపు నేర్పుటకు ఇంతకంటె మంచి సాధనము దొరకుట కష్టము. హంపిలోని మండపముల రాతినేలలపై ఆటపటములు చెక్కబడియున్నవి. వాననుండి, ఎండనుండి తలదాచుకొన్నవారు కాలము గడపుటకు రాతినే పటముగ చేసికొనిరి. నేపాళ దేశపు 'బాఘ్‌చాల్' ఇట్టిదే. అందు 25 స్థానములు, నాలుగు పులులు, ఇరువది మేకలు.

పటములలో ధర్మబోధకై కల్పింపబడినది పరమపదసోపానపటము, వాడుకలో వైకుంఠపాళి. తెలుగునాట బాగుగ దెలిసిన పటమున 132 గడులు గలవు. క్రింది గడులు పశుపక్ష్యాది జన్మములు, పైన లోకములు, చివర పరమపదము. సుగుణములు నిచ్చెనలు, దుర్గుణములు పాములు. గమ్యము దాపునకు వచ్చినవానిని మొదటికి దిగద్రోయు పెద్దపాము పిల్లలకు మిక్కిలి భయము గొలుపునది. వైకుంఠైకాదశి జాగరణమునకు పెద్దలును దీని నాడెడివారు. జైనులలో 84 గడుల పటము కలదు. ఈ పటముల చరిత్రను ఆండ్రూ టాప్స్‌ఫీల్డు 1985లో ప్రకటించిన వ్యాసమున పరిశీలించెను. పందొమ్మిదవ శతాబ్దము చివర, 1892 ప్రాంతమున, ఈ యాట ఇంగ్లండు చేరినది. అచట మొదట నీతిబోధ మిగిలినను, క్రమముగ గడుల పేర్లు పోయి అంకెలు మాత్రము నిలిచినవి. 1943లో అమెరికాలో పాములు గూడ పోయి జాఱుడుబల్లలు వచ్చినవి. పేర్లు పోయిన పటమున పాము కఱచుట ప్రమాదము మాత్రమే. పేర్లున్న పటమున అది ఫలము. ఆటనియమము మాఱకయే యర్థము మాఱుట కిది మంచి నిదర్శనము.

గింజ గాని గవ్వ గాని లేనిచో నోరే సాధనము. కాళ్లు చాచి వరుసగ కూర్చున్న పిల్లల కాళ్లను పాటతో లెక్కించుచు, పాట ముగిసిన చోట కాలు ముడిపించు కాళ్లాగజ్జి, పిడికిలిపై పిడికిలి నిలుపు గుడుగుడుగుంచము ఇరుకు గుడిసెలో గూడ ఆడదగినవి. పొడుపుకథను ఒకరు 'పొడుచుట', వేఱొకరు 'విప్పుట' ముసురు సాయంకాలములలో పెద్దలును పిల్లలును కలిసి యాడిన వాక్‌క్రీడ. వీధిబడిలో పద్యములు నేర్చిన బాలురు అంత్యాక్షరి యాడిరి. ప్రతి మాఱు చివరి యక్షరముతో మొదలగు పద్యము వెదకవలసి వచ్చుటచే, మఱచిన పద్యములు మరల నాలుక కెక్కినవి. పేదరాశి పెద్దమ్మ కథలకు అంతమే లేదు. మధిర సుబ్బన్న దీక్షితుల కాశీమజిలీ కథలు పండ్రెండు భాగములుగ వెలువడి, కథ చెప్పువారికి క్రొత్త సామగ్రి నిచ్చినవి.

ఇంతటి విద్యకు గ్రంథసాక్ష్య మెంత? పదుమూడవ శతాబ్దిలో పాల్కురికి సోమనాథుడు పండితారాధ్యచరిత్రమున తుమ్మెదపదములు, వెన్నెలపదములు మున్నగు పాటల పేర్లను చెప్పి యుపకరించెను. పదునెనిమిదవ శతాబ్దినాటి హంసవింశతిలో అయ్యలరాజు నారాయణామాత్యుడు ఆటల పేర్లను దీర్ఘమైన పట్టికగ కూర్చెను. అచ్చనగండ్లు, గుజ్జనగూళ్లు, బొమ్మల పెండ్లిండ్లు బాల్యవర్ణనములలో పలుమాఱు వచ్చుచుండును. సురవరము ప్రతాపరెడ్డి 1949లో ప్రకటించిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో కావ్యములనుండి యాటల పేర్లను తీసి, వానిని చరిత్రకు సాక్ష్యములుగ నిలిపెను. 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము పొందిన యీ గ్రంథము, రాజుల చరిత్రయే కాక జనుల చరిత్రయును పరిశోధనార్హమని చూపినది. బిరుదురాజు రామరాజు జానపద గేయసాహిత్యమును గూర్చి వ్రాసిన గ్రంథము 1958లో వెలువడి, పాటలకు శాస్త్రీయ పరిశోధనమార్గము నేర్పరచినది.

కాని కావ్యములు పేర్లను చెప్పినవి, విధానములను చెప్పలేదు. కవికి గాని, నాటి శ్రోతకు గాని విధానము చెప్పవలసిన పని లేకుండెను. ప్రతి యింట నది తెలిసియే యుండెను. నిఘంటుకర్తలును అట్టి పదముల కెదుట 'క్రీడావిశేషము' అని వ్రాసి విరమించుట పరిపాటి. తెలిసినవారికి ఆ మాట చాలును; తెలియనివారికి అది యేమియు చెప్పదు. ఆటయొక్క నియమములు తాళపత్రములకెక్కక, ముదుసలి స్త్రీల చేతులలోను, బాలికల నోళ్లలోను నిలిచినవి. వారు విద్వత్సభలకు రాలేదు. వారి యొద్దకు విద్వాంసులును పోలేదు. తత్ఫలితముగ, ఒక పద్యములో వచ్చిన పది యాటల పేర్లలో నాలుగింటిని వివరింపగల్గి, తక్కినవానిని 'ఆటలు' అని దాటవేయవలసిన స్థితి పాఠశాలలో పండితునకు కలుగుచున్నది. బ్రతికిన మాటకు వస్తువు చచ్చినచో, ఆ మాట పద్యమున శవప్రాయముగ నుండును.

ఇరువదవ శతాబ్దిలో వచ్చిన మార్పులు ఈ స్థితిని త్వరపెట్టినవి. 1938 జూన్ 16వ తేదీన మదరాసులో ప్రారంభమైన రేడియో కేంద్రమునుండి పిల్లల కార్యక్రమములు వెలువడినవి. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 'రేడియో అన్నయ్య', 'రేడియో అక్కయ్య'లుగ ప్రసిద్ధులై 1945లో 'బాల' పత్రికను స్థాపించిరి. 1947 జూలైలో 'చందమామ' వెలువడినది. ఇవి పిల్లలకు గొప్ప మేలు చేసినవి. అవ్వ లేని యింటికి గూడ కథ నందించినవి. కాని కథ వినుటకును, గింజలు విడుచుటకును భేదము గలదు. కాగితముమీది కథ అవ్వ పోయినను నిలుచును. చేతి యాట ఆడువారు లేనినాడు నిలువదు. తరువాత దూరదర్శనము, నేడు చేతిలోని ఫోను ముసురును మఱింత సులభముగ గడపుచున్నవి. ఫోనులోని లూడోలో పాచికను యంత్రమే వేయును, కాయను యంత్రమే లెక్కించి నడపును, నియమమును యంత్రమే కాపాడును. పిల్లవానికి లెక్కించు పనియు లేదు, నియమమును గూర్చి తగవులాడి సమాధానపడు పనియు లేదు. ముసురునాటి యాటలు నేర్పిన విద్య ముఖ్యముగ ఈ రెండే.

అయినను ఈ విద్య పూర్తిగ నశించినదని చెప్పరాదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో వామనగుంటల పీటలు గల యిండ్లును, అష్టాచెమ్మ గీయు చేతులును ఇంకను గలవు. పని యిపుడు సేకరణము. ఒక్కొక యాటకు సాధనములెన్ని, గింజల లెక్క యెంత, చేయి యే వైపునకు పోవును, గెలుపు ఎట్లు నిర్ణయింపబడును, ఆడునపుడు పలుకు మాటలేవి, అవి యే యూర, ఎవరివలన నేర్చినవి యనునంశములు వేఱువేఱుగ వ్రాసికొనదగును. ఒకే యాటకు రెండూళ్లలో రెండు నియమములున్నచో, ఒకటి సరి, ఒకటి తప్పు అని తీర్పరాదు. తాళపత్రప్రతులలో పాఠభేదములను రెండిటిని చూపినట్లే రెండును చూపవలెను. పరిష్కర్తలు కావ్యములకు జూపు శ్రద్ధలో కొంత ఈ నోటిపాఠములకును చెందుట న్యాయము.

ఈ పనికి ధనము గాని, దూరప్రయాణము గాని యక్కఱలేదు. గ్రామపాఠశాలలో ముసురు పట్టి, మైదానము చిత్తడియై, పిల్లలు గదిలో చిక్కుకొనిన దినమే దీనికి తగిన దినము. ఆ దినమున ఊరిలోని యొక వృద్ధురాలిని పిలిపించి, పిల్లలనడుమ కూర్చుండబెట్టి, గింజలిచ్చి ఆడించినచో, పిల్లలకు కాలక్షేపమును, పండితునకు పాఠమును ఒక్కమాఱే లభించును. అవ్వ చెప్పినది పిల్లలే వ్రాయవచ్చును. అట్లు వ్రాసిన కాగితములు నూఱు చేరిన నాడు, నిఘంటువున 'క్రీడావిశేషము' అను మాట ప్రక్కన గుంటల లెక్కయు, గింజల లెక్కయు, ఆట నేర్పిన యూరి పేరును వ్రాయుట సాధ్యమగును.